నేతశాలలో పెద్దరికము

పని జరుగుచోట ఒకడు ఆజ్ఞాపించుట, పదిమంది తలవంచుట మనకు క్రొత్త కాదు. మిల్లులు వచ్చిన తరువాత ఆ పెద్దరికము జాబరు చేతికి వచ్చెను. బొంబాయి, షోలాపూరు, అహమ్మదాబాదు మిల్లులకు వలసపోయిన మన తెలుగు నేతగాండ్రు జాబరును బాగుగా ఎరుగుదురు. పనిలో చేర్చువాడు అతడే, తీసివేయించువాడు అతడే, మగ్గము చెడిన బాగుచేయువాడును అతడే. జాబర్లు మామూళ్లు పుచ్చుకొనుటను 1931లో విట్లీ కమీషను తన నివేదికలో ఎత్తిచూపెను.

ఈ పెద్దరికమును కొంత కదిలించిన ప్రయోగమొకటి 1953లో అహమ్మదాబాదు కాలికో మిల్లు వారి నేతశాలలో జరిగెను. సారాభాయి కుటుంబమువారి మిల్లు అది. (1918 సమ్మెలో అంబాలాల్ సారాభాయి యజమానుల పక్షమున, ఆయన సహోదరి అనసూయాబెన్ గాంధీగారితో కలిసి పనివారి పక్షమున నిలిచిన సంగతి చదువరులకు తెలిసినదే.) మిల్లులో ఆటోమేటిక్ మగ్గములు పెట్టిరి గాని అనుకొన్నంత ఫలితము రాలేదు. లండనులోని టావిస్టాక్ సంస్థనుండి ఎ.కె. రైస్ అను పరిశోధకుడు వచ్చి చూచెను.

అక్కడ 224 మగ్గములు, 29 మంది పనివారు, 12 రకముల ఉద్యోగములు. నేతగాండ్రు 8 మంది, బాబిన్లు నింపువారు 5గురు, తెగిన పోగులు సరిచేయువారు 3గురు. లెక్క వేసినచో ఒక నేతగానికి బాబిన్లవానిలో ఎనిమిదింట అయిదు పాళ్లు, పోగులవానిలో ఎనిమిదింట మూడు పాళ్లు దక్కును! మనిషిని ఇట్లు భిన్నములుగా పంచిన తరువాత ఎవరికి ఎవరు తోడు? ఏ చిక్కు వచ్చినను అందరును సూపర్‌వైజరు ముఖము చూడవలసినదే.

64 మగ్గములను 7గురు గల ఒక జట్టుకు అప్పగింతమని రైస్ సూచించెను. పనివారే కూడబలుకుకొని తమ జట్లు తామే కట్టుకొనిరి. ఆదిలో ఇబ్బందులు రాకపోలేదు. నిలద్రొక్కుకొన్న తరువాత మగ్గముల సామర్థ్యము నూటికి 80 నుండి 95కు పెరిగెను. చెడిన బట్ట 32 నుండి 20కి తగ్గెను. అదిలించువాడు లేనిదే మనవారు పనిచేయరు అనువారు ఈ అంకెలు చూడవలెను.

మరి పైవాని పని ఏమి? నూలు, విడిభాగములు వేళకు అందునట్లు చూచుట, జట్టు పనికి బయటి ఆటంకములు రాకుండ కాచుట. ఆజ్ఞాపించుటకంటె ఇది కష్టమని మా అభిప్రాయము. మేమెరిగిన ఒక కార్యాలయములో గుమాస్తా వ్రాసిన జవాబు నాలుగు బల్లలు దాటి సంతకమై వచ్చుసరికి అడిగినవాని అవసరమే తీరిపోయెడిది. ఆ నాలుగు బల్లలవారును ఒక్క అక్షరము మార్చిన పాపమున పోలేదు.

అయితే కాలికోలో యాజమాన్యము యాజమాన్యముగనే ఉండెను. ఏ బట్ట నేయవలెనో జట్టు నిర్ణయించలేదు. ఈ సంగతి మరువరాదు. 1970లో టావిస్టాక్ వారే అయిన ఎరిక్ మిల్లర్ మరల వెళ్లి చూచెను. బజారు ఒత్తిళ్లు పెరిగినకొలది పైవారు జట్టులలో జోక్యము చేసికొనుటచే తక్కిన శాలలలో పాత పద్ధతి చాలవరకు తిరిగి వచ్చి యుండెను. ఒక్క శాలలో మాత్రము ఆనాటి జట్టుపని ఇంచుమించు మారక నిలిచియుండెను. ఆ మిల్లు తరువాతి కాలములో మూతపడినది.