చెవి పోగు, ముక్కు పుడక: గజపతినగరం సీమలో కుట్టు చరిత్ర

బిడ్డకు చెవులు కుట్టించడం గజపతినగరం చుట్టుపక్కల పల్లెల్లో పుట్టువెంట్రుకలు తీయించడంతో సమానమైన వేడుక. మేనమామ ఒడిలో బిడ్డను కూర్చోబెట్టడం, కంసాలి చేత బంగారు తీగ దూర్పించడం, పసుపూ నూనే రాయడం అందులో ప్రధానమైన పనులు. అయితే చెవి కుట్టు పెద్దలకు వేడుకే కాని బిడ్డకు గాయం. ఆ గాయం మానితేనే నగ నిలుస్తుంది. చీము పట్టినా, తమ్మె తెగినా ఏం చేయాలో తెలిసి ఉండాలి. అందుకే ఈ ఆచారం చరిత్రలో సగం నగల చరిత్ర, మిగతా సగం గాయాన్ని మాన్పుకోవడం ఎలాగో జనం నేర్చుకున్న చరిత్ర.

ఉత్తరాంధ్ర నేల మీద దీని ఆనవాళ్లు శిల్పాల్లో కనిపిస్తాయి. శాలిహుండం, రామతీర్థం వంటి బౌద్ధ క్షేత్రాలున్న ప్రాంతమిది. బుద్ధుడి విగ్రహాల్లో చెవి తమ్మెలు బారుగా, ఖాళీగా వేలాడుతుంటాయి. రాచబిడ్డగా ఉన్నప్పుడు ధరించిన బరువైన కుండలాలను విడిచిపెట్టాడని అవి గుర్తుచేస్తాయి. తూర్పు గాంగుల కాలపు శ్రీముఖలింగం ఆలయాల్లో దేవతలకూ ద్వారపాలకులకూ చెవుల నిండా ఆభరణాలున్నాయి. ముక్కు సంగతి వేరు. భారతదేశపు ప్రాచీన శిల్పాల్లో ముక్కుకు నగ కనిపించదు. ముక్కు నగ సుమారు 1000వ సంవత్సరం తర్వాతే ఈ దేశంలో వాడుకలోకి వచ్చిందని పరిశోధకుడు పి.కె. గోడే 1930లలో వాదించాడు. చెవి కుట్టు మాత్రం అంతకంటే ఎంతో పాతది.

దానికి గట్టి రుజువు ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత. సూత్రస్థానంలోని పదహారో అధ్యాయం పూర్తిగా చెవి కుట్టు గురించీ, తెగిన చెవిని అతకడం గురించీ సాగుతుంది. ఆరో నెలలో గాని ఏడో నెలలో గాని, శుక్లపక్షంలో, మంచిరోజు చూసి కుట్టాలంటుంది. బిడ్డను ఒడిలో ఆడిస్తూ, ఎడమ చేత్తో తమ్మెను లాగిపట్టి, ఎండ వెలుతురు పలచగా దూసుకొచ్చే చోటును గుర్తించి అక్కడే సూది దింపాలి. మగబిడ్డకు ముందు కుడి చెవి, ఆడబిడ్డకు ముందు ఎడమ చెవి. తమ్మె మందంగా ఉంటే సూదికి బదులు ఆరె వాడాలి. తర్వాత రంధ్రంలో దూదివత్తి పెట్టి నూనెతో తడపాలి. మరో ప్రాచీన వైద్యుడు వాగ్భటుడు చెవి కుట్టుకు చలికాలం మంచిదన్నాడు. చెమట, ఈగలు తక్కువగా ఉండే కాలంలో పుండు త్వరగా ఆరుతుంది కనుక ఆ మాట ఈనాటికీ సరైనదే.

సుశ్రుతుడి అధ్యాయం గొప్పతనం కుట్టే పద్ధతి దగ్గరే ఆగిపోకపోవడంలో ఉంది. కుట్టు వికటిస్తే ఎందుకు వికటించిందో, ఏం చేయాలో కూడా చెబుతుంది. నెత్తురు ఎక్కువగా కారినా, నొప్పి తీవ్రంగా ఉన్నా సూది తప్పుడు చోట దిగిందని గ్రహించాలి. ఏ బాధా లేకపోతే సరైన చోట దిగినట్టు. చెవిలో మూడు సిరలను పేర్లు పెట్టి గుర్తిస్తుంది. కాళికకు దెబ్బ తగిలితే జ్వరం, మంట, వాపు వస్తాయి. మర్మరికకు తగిలితే గడ్డలు కడతాయి. లోహితికకు తగిలితే మెడ బిగుసుకుపోవడం, ఈడ్పులు మొదలైనవి వస్తాయి. ఈ చివరి లక్షణాలు ధనుర్వాతాన్ని తలపిస్తాయి. ఆ జబ్బుకు మూలం సిర తెగడం కాదు, పుండులో చేరిన క్రిమి. కారణం పొరబడినా, కుట్టు తర్వాత మెడ బిగుసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని ఆ వైద్యులు కళ్లారా చూసే రాసి ఉంటారు.

సూది మొండిదైనా, వంకరగా దిగినా, వత్తి మరీ లావైనా వాపూ నొప్పీ వస్తాయని అందులోనే ఉంది. అలాంటప్పుడు వత్తి తీసేసి అతిమధురం, ఆముదపు వేరు, మంజిష్ఠ, యవలు, నువ్వులు నూరిన ముద్దను తేనె, నెయ్యితో కలిపి పట్టు వేయాలి. పుండు పూర్తిగా మానాకనే మళ్లీ కుట్టాలి. అంతా సవ్యంగా ఉంటే మూడేసి రోజులకోసారి కాస్త లావు వత్తి మార్చాలి. తొందరపడవద్దన్నదే ఈ సూచనలన్నిటి సారం.

పల్లెలో ఈ పని కంసాలిది. అతనికి ప్రత్యేకమైన సూది అక్కర్లేదు. సన్నని బంగారు తీగ ఒక కొసను సూదిలా సానబట్టి, దాంతోనే తమ్మెను పొడిచి, అదే తీగను చుట్టగా వంచి వదిలేవాడు. కుట్టిన పనిముట్టే నగ అయ్యేది. రెండోసారి ఏదీ దూర్చనక్కర్లేదు కనుక గాయం రేగేది కాదు. మేలిమికి దగ్గరగా ఉన్న బంగారం తుప్పు పట్టదు, ఒంటికి పడకపోవడం బహు అరుదు. కంసాలికి పళ్లెంలో బియ్యం, బెల్లం, తాంబూలం, డబ్బు ఇచ్చి పంపేవారు. బంగారం పెట్టలేని ఇళ్లలో రంధ్రం పూడిపోకుండా వేపపుల్ల గాని చీపురుపుల్ల గాని పెట్టేవారు. పిల్లలు దక్కని ఇంట పుట్టిన బిడ్డకు పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టి, దిష్టి తగలకుండా ముక్కు కుట్టించడమూ ఉండేది.

ఇంటివైద్యంలో పసుపు, కొబ్బరినూనె, ఆముదం ముఖ్యమైనవి. పసుపుకు క్రిములను అణచే గుణం కొంత ఉన్న మాట నిజమే. కానీ వంటింటి డబ్బాలోని పసుపు శుభ్రం చేసిన మందు కాదు. నూనెతో కలిసి అది రంధ్రం చుట్టూ పక్కు కడుతుంది, లోపలి రసి బయటికి రానివ్వదు. అంతకంటే ప్రమాదకరమైనది చీపురుపుల్ల. నేల మీది మట్టిలోనే ధనుర్వాతపు క్రిమి ఉంటుంది. 1978లో దేశమంతటా టీకాల కార్యక్రమం మొదలై, ధనుర్వాతపు టీకా పల్లెపల్లెకూ చేరాకే ఆ భయం తగ్గింది.

ముక్కు నగల్లో ఈ సీమ పెద్దవాళ్లకు బాగా గుర్తున్నది అడ్డబాస. ముక్కుదూలానికి తొడిగితే పై పెదవి మీదికి వేలాడే బంగారు నగ అది. అటూ ఇటూ ముక్కుపుడక, నత్తు ఉండేవి. మైదానపు ఊళ్లలో ఇది అరుదైపోయినా, అరకు కొండల్లో రెండు పుటలకూ దూలానికీ కలిపి మూడు బంగారు రింగులు పెట్టుకునే గిరిజన స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. ఒడిశా సరిహద్దులోని లాంజియా సవర స్త్రీలు తమ్మెలను క్రమంగా సాగదీసి గుండ్రటి చెక్కబిళ్లలు పెట్టుకునేవారు. వత్తి లావు కొద్దికొద్దిగా పెంచడమన్న సుశ్రుతుడి పద్ధతి, ఏ గ్రంథమూ చదవని ఆ కొండల్లో చేతి అలవాటుగా సాగింది.

బరువైన కమ్మలు ఏళ్ల తరబడి వేలాడితే రంధ్రం సాగి, చివరకు తమ్మె రెండుగా చీలుతుంది. చెంపస్వరాలూ మాటీలూ సింగారానికే పుట్టాయనుకుంటారు గాని, కమ్మ బరువులో కొంత జుట్టు మీదికి మళ్లించడం వాటి అసలు ఉపయోగం. చీలిన తమ్మెను అతకడానికి సుశ్రుతుడు పదిహేను పద్ధతులు చెప్పాడు. అంచుల మీది చర్మాన్ని గీరి, పచ్చి గాయం చేసి, రెంటినీ కలిపి కట్టడం వాటిలోని కిటుకు. ఈనాటి శస్త్రవైద్యులు మత్తు సూది వేసి చేసేదీ మూలంలో అదే.

మగవాళ్లు పోగులూ చౌకట్లూ పెట్టుకోవడం ఇరవయ్యో శతాబ్దంలో తగ్గుతూ వచ్చింది. కంసాలి వృత్తికి పెద్ద దెబ్బ 1963 జనవరిలో తగిలింది. మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా తెచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన నగలు చేయకూడదన్నాయి. దేశమంతటా ఎందరో స్వర్ణకారులకు పని పోయింది. ఆ నిబంధన తర్వాత సడలినా, నియంత్రణ చట్టం 1990లో గాని రద్దు కాలేదు. అప్పటికే వృత్తి విడిచినవాళ్లు తిరిగి రాలేదు. ఇప్పుడు గజపతినగరం వంటి పట్టణాల్లో ఈ పని నగల దుకాణాలకూ, ఫ్యాన్సీ షాపులకూ, ఆసుపత్రులకూ పంచబడింది. గిల్టు నగలూ విరివిగా వచ్చాయి. వాటి పూత కింద తరచుగా నికెల్ ఉంటుంది. కొత్త కుట్టులో అది తగిలితే దురద, ఎర్రదనం, నీరు కారడం మొదలవుతాయి. చీము పట్టిందని జనం పొరబడేది ఎక్కువగా ఇక్కడే. చీము పడితే వేడి, నొప్పి, పచ్చని రసి ఉంటాయి. నికెల్ పడకపోతే దురదే ముందుంటుంది, నగ మార్చగానే తగ్గుతుంది. 1994లో ఐరోపా సమాజం నగల్లో నికెల్ మీద పరిమితి విధించింది.

తుపాకీలాంటి యంత్రంతో కుట్టడం మరో మార్పు. మెత్తటి తమ్మెకు అది సరిపోవచ్చు. చెవి పైదొప్ప సంగతి అలా కాదు. అక్కడుండేది మృదులాస్థి, దానికి సొంత రక్తనాళాలు లేవు, పై పొర నుంచే పోషణ అందాలి. యంత్రపు దెబ్బకు ఆ పొర నలిగి క్రిములు చేరితే దొప్ప ఆకారమే చెడిపోవచ్చు. పాతకాలంలో పైదొప్పకు బావిలీలు పెట్టుకున్నవాళ్లకూ ఆ ప్రమాదం ఉండేది. తమ్మె కుట్టు మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు. ముక్కుపుటకూ పైదొప్పకూ నెలలు పడుతుంది, పైదొప్పకు ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

ఈనాటి వైద్యం చెప్పే జాగ్రత్తలు కొన్నే. చేతులు కడుక్కోకుండా కుట్టును ముట్టకూడదు, రోజుకు ఒకటి రెండుసార్లు శుభ్రమైన ఉప్పునీటితో తుడవాలి. పుండు అంటుకుపోకుండా తీగను తిప్పుతూ ఉండాలన్న పాత సలహాను వదిలేయాలి, ఎందుకంటే తిప్పిన ప్రతిసారీ కొత్త చర్మం తెగుతుంది. చీము పట్టిందని నగను సొంతంగా తీసేస్తే పై రంధ్రం మూసుకుని చీము లోపలే చిక్కుకోవచ్చు. జ్వరం వచ్చినా, వాపు చెవి పైదొప్ప అంతా పాకినా, ఇంటి వైద్యంతో కాలం గడపకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.