కుదురులేని మనస్సు

1798లో అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లండు వైద్యుడు, మనోవికారాలపై తాను ప్రకటించిన గ్రంథంలో ఒక వింత రుగ్మతను వర్ణించినాడు. గదిలో ఎవరైనా అటునిటు నడచినను, బల్ల జరిపినను, తలుపు చప్పుడైనను, వెలుతురు కొంచెం హెచ్చినను, తగ్గినను ఈ రోగుల ధ్యాస చెదరిపోవును. కుక్క మొరిగిన చాలును, వారికి మతి తప్పినంత పని యగును. లాటిన్, గ్రీకు వ్యాకరణాలనిన విముఖులైన బాలురకు బెత్తపు భయముగాని, బుజ్జగింపుగాని ధ్యాస కుదుర్చలేవనికూడ ఆయన వ్రాసినాడు. చిన్ననాట శబ్దమంజరి వల్లెవేసినవారికి ఈ మాట క్రొత్తగా తోచదు.

పుట్టుకతో వచ్చిన ఈ దోషం సాధారణంగా వయస్సుతో తగ్గునని ఆయన అదే చోట ఊరట పలికినాడు. ఆ ఆశ వైద్యలోకాన్ని చాలాకాలం వదలలేదు. 1902లో లండనులో ఉపన్యసించిన జార్జి స్టిల్, తెలివికి లోటులేకున్నను నిగ్రహం చాలని పిల్లలను గురించియే చెప్పినాడు. దానికి నైతిక నియంత్రణ లోపమని పేరు పెట్టినాడు. 'నైతిక'మన్న ఆ ఒక్క పదం చేసిన కీడు స్వల్పం కాదని నా అభిప్రాయం. 1968లో అమెరికా మనోవైద్యుల సంఘం ప్రకటించిన వ్యాధుల పట్టికలోను ఇది బాల్యపు చాంచల్యమే; కౌమారంలో సాధారణంగా తగ్గునదే.

మరి తగ్గనివారి మాటయేమి? సగం వ్రాసిన కాగితాలు బల్లపై పేరుకొనిన గుమాస్తాకు, పొయ్యిమీది పాలు పొంగి పొరలుచున్నను గమనింపని గృహిణికి వ్యాధి పేరు లేదు. సోమరితనం, పరధ్యానం, బాధ్యత లేమి — ఇవే బిరుదులు.

బుద్ధిపూర్వకంగా నిలిపిన ధ్యాస ఒక్క పట్టున కొద్ది క్షణాలకు మించి నిలువదనీ, జారినదానిని మరల మరల వెనుకకు తెచ్చుకొనుటయే అందలి శ్రమయనీ విలియం జేమ్స్ 1890లోనే చెప్పినాడు. ఈ శ్రమ అందరికీ ఉన్నదే. నేడు ఏ.డి.హెచ్.డి. అని పిలిచే అవధాన లోపం గలవారికి ధ్యాస తరచు జారును; తెచ్చుకొనుట కష్టతరం. అయితే మనస్సుకు పట్టిన పనిలో వారే గంటలకొద్దీ మునిగిపోగలరు. చూచేవారికి ఇక్కడనే అనుమానం: అది చేయగలవాడు ఇది ఏల చేయడు? ఇష్టం లేక కాబోలునని తీర్పు. ఆ తీర్పును తామే నమ్మి తమ్ము నిందించుకొనినవారు ఎందరో!

1976లో పాల్ వెండర్, ఆయన సహచరులు అమెరికాలో పెద్దలను పరీక్షించి, బాల్యలక్షణాలు వారిలో మిగిలియున్నవని చూపినారు. 1980నాటి పట్టికలో ఈ 'మిగులు'కు చోటు దొరికినది. దీర్ఘమైన మానసిక శ్రమ కోరే పనులనుండి తప్పుకొనుట 1994లో లక్షణాలలో చేరినది. లోకం బద్ధకమన్నది అదే! 2013లో, పదునేడేండ్లు నిండినవారికి ఆరింటికి బదులు ఐదు లక్షణాలు చాలునన్నారు.

స్త్రీల వంతు మరింత ఆలస్యంగా వచ్చినది. గంతులు వేసే బాలుడు ఉపాధ్యాయుని కంట పడును. కిటికీలోనుండి చూచుచు మౌనంగా కూర్చున్న బాలిక పడదు. తన బిడ్డను వైద్యునివద్దకు తీసికొనిపోయి, ఆయన వేసిన ప్రశ్న ప్రశ్నకు తన బాల్యమే జవాబుగా తోచగా, నడివయస్సులో మొదటిసారి తన్ను తాను గుర్తించుకొనిన తల్లులు ఉన్నారు.