సీకెంటు సమాకలనం: పరిభాషలో నిలిచిన చరిత్ర

వరంగల్లు ప్రాంతంలోని ధర్మసాగర్ వంటి గ్రామాల విద్యార్థికి ఉన్నత గణితం చిరకాలం పరభాషలోనే అందింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించింది. త్రికోణమితి అక్కడ 'ఇల్మె ముసల్లస్'. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత 'సమాకలనం', 'ప్రతిక్షేపణం' వంటి పదాలు పాఠ్యపుస్తకాల ద్వారా వ్యాప్తి పొందాయి. ఈ పదాలు భావాన్ని ఎంతవరకు మోయగలవో పరిశీలించడానికి సీకెంటు ప్రమేయపు సమాకలనం తగిన ఉదాహరణ.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా సెక్ థీటాను (సెక్ థీటా + టాన్ థీటా)తో గుణించి, దానితోనే భాగిస్తాయి. అప్పుడు లవం హారానికి అవకలజమవుతుంది. ఫలితం హారపు సంవర్గమానం. సాధన నిర్దుష్టమే. కాని ఆ గుణకం ఎలా స్ఫురించిందన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు.

సమాధానం చరిత్రలో ఉంది. 1569లో మెర్కేటర్ రచించిన నావికా పటంలో అక్షాంశ రేఖల ఎడం సీకెంటు విలువను అనుసరించి పెరుగుతుంది. ఆ ఎడాలను నిర్ణయించడానికి ఎడ్వర్డ్ రైట్ సీకెంటు విలువలను వరుసగా కూడి 1599లో పట్టికలు ప్రకటించాడు. అవి టాంజెంటు సంవర్గమాన పట్టికలతో సరిపోతున్నాయని 1640ల్లో హెన్రీ బాండ్ గుర్తించాడు. అంటే నిరూపణ కంటే ముందే ఫలితం తెలిసింది. 1668లో జేమ్స్ గ్రెగరీ దానిని నిరూపించాడు. 1670లో ఐజాక్ బారో సుగమమైన మార్గం చూపాడు. ఆ మార్గాన్ని నేటి పరిభాషలో చెబితే, సెక్ థీటాను కాస్ థీటా బై (1 − సైన్ వర్గం)గా మార్చి, సైన్ థీటాకు బదులు 'ట'ను ప్రతిక్షేపించాలి. 1 బై (1 − ట వర్గం) రెండు పాక్షిక భిన్నాలుగా విడిపోతుంది. ఇందులో ప్రతి అడుగుకూ కారణం కనబడుతుంది.

రైట్ చేసినది సంకలనం. దాని పరిణతరూపమే సమాకలనం. రెండు పదాల్లోనూ 'కలన' ఉండటం వల్ల ఈ చారిత్రక సంబంధం తెలుగులో వినగానే స్ఫురిస్తుంది. ఇది పరిభాష సాధించిన మేలు. సీకెంటు విషయంలో అది జరగలేదు. జ్యామితిలో సీకెంటు రేఖ 'ఛేదన రేఖ' అయింది. ప్రమేయం మాత్రం 'సీకెంటు'గానే మిగిలింది. సైన్ కథ మరింత విచిత్రం: ఆర్యభటీయపు 'జ్యా', దాని పర్యాయమైన 'జీవా' అరబ్బీలో 'జైబ్'గా, లాటిన్‌లో 'సైనస్'గా మారి, ఆంగ్లం ద్వారా పరాయి పదంలా తిరిగివచ్చాయి.

అంతర్జాతీయ సంకేతాలను మార్చనక్కరలేదు. పదచరిత్రనూ, సాధన చరిత్రనూ పాఠంలో చేర్చితే చాలు. అప్పుడు తెలుగు మాధ్యమ విద్యార్థికి ఆ గుణకం కంఠస్థం చేయవలసిన చిట్కాగా కాక, తెలిసిన ఫలితం నుండి వెనుకకు నడిచి చేరిన అడుగుగా అర్థమవుతుంది.