తీగ లాగిన చేతికి రేటెంత?

నిడుబ్రోలు స్టేషన్‌లో దిగి పొన్నూరు బజారు వైపు నడుస్తూ ఒకసారి తలెత్తి చూడండి. కరెంటు స్తంభాల పైభాగాన విద్యుత్ తీగలు, వాటికి కాస్త కిందగా నల్లటి కేబుళ్ళు వేలాడుతుంటాయి. కొన్ని కేబుల్ టీవీ వాళ్ళవి, కొన్ని ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీలవి. వాటి మధ్య ప్రభుత్వ కేబులు కూడా ఉంది. అది జనం డబ్బుతో వేసింది కాబట్టి, దాన్ని లాగినవాడికి ఎంత ముట్టిందో అడిగే హక్కు జనానికి ఉంది.

ఆ కేబులు వేసిన ఏపీ ఫైబర్‌నెట్ సంస్థ 2015లో పుట్టింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రాజెక్టును ప్రారంభించారు. నేల తవ్వితే వేల కోట్లవుతుందని, మొదటి దశలో దాదాపు 24 వేల కిలోమీటర్ల కేబుల్‌ను స్తంభాల మీదుగానే లాగారు. ఖర్చు సుమారు 333 కోట్లని ప్రభుత్వం చెప్పుకుంది. నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అన్న మాట జనానికి బాగా గుర్తుండిపోయింది. ఆ 333 కోట్లను కిలోమీటర్లతో భాగించి చూసినవాళ్ళు మాత్రం తక్కువ. మీటరుకు 140 రూపాయలు కూడా రావు. కేబులు, బిగింపు సామాను, రవాణా, కాంట్రాక్టరు లాభం పోగా మిగిలినదాంట్లోనే నిచ్చెనెక్కిన మనిషి కూలి ఉండాలి.

ఆ పని చూడ్డానికే సులువు. కేబుల్ డ్రమ్మును ఒకచోట నిలబెట్టి ఇద్దరు తిప్పుతుంటే, మరికొందరు కొసను పట్టుకుని స్తంభం నుంచి స్తంభానికి లాక్కుపోవాలి. ఒకడు పైకెక్కి క్లాంపు బిగిస్తాడు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని కరెంటు ఆపిన కాసేపట్లోనే అంతా కానివ్వాలి. ఎల్‌సీ దొరకని గంటలకు డబ్బు లేదు, ఎందుకంటే లెక్క మీటర్లలో. పెద్ద కంపెనీ కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ, మేస్త్రీ కింద గుంపు. తవ్వకం పనులకు పాలమూరు కూలీలను అడ్వాన్సులిచ్చి దేశమంతా తిప్పిన పద్ధతి ఇదే.

సర్కారు పనిలో కూలి ఎంత ఉండాలన్న తగువు ఈ డెల్టాకు కొత్త కాదు. దుగ్గిరాల దగ్గర మొదలయ్యే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగాన్ని 1876-78 నాటి ధాత కరువులో కరువు పనిగా తవ్వించారు. ఆ కరువులోనే సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలని తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదురుతిరిగాడు. ఆ తిండితో మట్టి మొయ్యడం కాదు, మనిషి బతకడమే కష్టమని వాదించాడు. చివరికి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. ఆకలితో వచ్చినవాడు తక్కువిచ్చినా పని చేస్తాడన్నది టెంపుల్ ధైర్యం. ఆ ధైర్యం ఆయనతో పోలేదు.

దీనికి విరుగుడును 1891లో బ్రిటిష్ పార్లమెంటే కనిపెట్టింది. ప్రభుత్వ కాంట్రాక్టు తీసుకున్నవాడు ఆ వృత్తిలో నడుస్తున్న కూలికి తగ్గకుండా ఇవ్వాలని తీర్మానించింది. అమెరికా కథ ఇంకో రకం. 1927లో అలబామా కాంట్రాక్టరొకడు చవక కూలీలను తెచ్చి న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఆసుపత్రి కడుతుంటే, ఆ ప్రాంత ప్రతినిధి రాబర్ట్ బేకన్‌కు మండింది. ఫలితం 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం. ప్రభుత్వ నిర్మాణంలో ఆ ఊరి రేటు ఇచ్చి తీరాలి. స్థానిక కూలిని కాపాడాలన్న కోరికలో నల్లజాతి వలస కూలీలను దూరం పెట్టాలన్న కోరికా కలిసి ఉందని చరిత్రకారులు అంటారు. కాదనలేం.

నిడుబ్రోలు బిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా 1948లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంస్థ సదస్సుకు భారత ప్రతినిధిగా వెళ్ళారు. మరుసటి ఏడాదే ఆ సంస్థ ప్రభుత్వ కాంట్రాక్టుల్లో న్యాయమైన కూలి ఉండాలంటూ 94వ ఒప్పందాన్ని ఆమోదించింది. మన దేశం మాత్రం నేటికీ దాన్ని ధ్రువీకరించలేదు.

అలాగని మన కాగితాల్లో ఆ మాట లేదనుకోవద్దు. మన ఇంజనీరింగ్ శాఖల టెండరు షరతుల్లో ‘ఫెయిర్ వేజ్’ క్లాజు ఎప్పటినుంచో ఉంది. రోజు కూలైనా, పని లెక్క కూలైనా, ఆ ప్రాంతానికి ప్రభుత్వం ప్రకటించిన రేటుకు తగ్గకూడదు. అంబేడ్కర్ 1946లో ప్రవేశపెట్టిన బిల్లు 1948లో కనీస వేతనాల చట్టమైంది. అంచనా వేసేటప్పుడు ఇంజనీర్లు షెడ్యూల్ రేట్లు చూసి కూలి వేస్తారు. తర్వాత కాంట్రాక్టర్లు టెండరులో పోటీపడి ఇంత శాతం ‘లెస్’ అంటూ కోట్ చేస్తారు. ఆ లెస్ ఎవరి వాటాలోంచి వస్తుంది? కేబుల్ ధరను కంపెనీ తగ్గించదు, డీజిల్ ధర తగ్గదు.

సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు రెండుసార్లు దగ్గరగా వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియాడ్ స్టేడియాల కూలీలకు కనీస కూలి 9.25 రూపాయలైతే, జమాదార్లు తలకు రూపాయి కోసుకున్నారు. కనీస వేతనం కంటే తక్కువకు చేయించడం వెట్టేనని జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. రెండోది 1983 నాటి సంజీత్ రాయ్ కేసు. మన కేబుల్ పనికి ఇదే ఎక్కువ పనికొస్తుందని నాకనిపిస్తుంది. రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లాలో కరువు పనిగా రోడ్డు వేస్తున్న కూలీలకు గుంపు లెక్కన కొలిచి డబ్బిచ్చారు. చాలామందికి కనీస కూలి 7 రూపాయలు కూడా రాలేదు. కొలత ఎలా ఉన్నా మనిషికి ఆ ఏడు రూపాయలూ దక్కాల్సిందేనని కోర్టు తేల్చింది. మీటరు లెక్క చూపించి రోజు కూలిని మింగెయ్యడం కుదరదన్నమాట.

అమెరికాలోనూ ఇంటర్నెట్ దగ్గరికి వచ్చేసరికి ఈ నియమం సన్నబడింది. 2009లో బ్రాడ్‌బ్యాండ్‌కిచ్చిన 720 కోట్ల డాలర్లకు స్థానిక రేటు తప్పనిసరి. 2021లో కేటాయించిన 4,245 కోట్ల డాలర్ల పథకంలో అది తప్పనిసరి కాలేదు. ఆ రేటు ఇవ్వని కంపెనీలు వివరాలు చెప్పుకోవాలని పెట్టిన షరతులనూ 2025 జూన్‌లో ఎత్తేశారు.

ఇక్కడ, 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం టెలిఫోను, టెలిగ్రాఫు పనులను కూడా నిర్మాణమే అంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టమైతే కూలి పంచేచోట అసలు యజమాని మనిషి నిలబడి చూడాలంది. 2025 నవంబరు 21 నుంచి వీటి స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలన్న సూత్రం వాటిలోనూ ఉంది.

పల్లెలకు ఇంటర్నెట్ చేర్చే భారత్‌నెట్ పథకాన్ని సవరించి, దానికి కేంద్రం 2023 ఆగస్టులో 1,39,579 కోట్లు మంజూరు చేసింది. ఆ పనుల బిల్లుకు ఎన్ని మీటర్లు వేశారో కొలత పుస్తకం జతచేస్తారు. ఎన్ని పనిదినాలు పట్టాయి, ఎవరి ఖాతాలో ఎంత పడింది అన్న కాగితం కూడా జతచేస్తేనే బిల్లు పాస్ చేస్తామని అనడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.