తప్పు పూలు చెప్పిన లెక్క

ముద్దమందారంలో కేసరాలుండాల్సిన చోట కూడా చాలా వరకు రేకులే ఎందుకుంటాయి? మనం అది చూడకుండానే దేవుడికి పెట్టేస్తాం. అమెరికా శాస్త్రవేత్త ఎలియట్ మేయరోవిట్జ్ ఇలాంటి ‘తప్పు’ పూలనే ఏరి ఏరి చూశారు.

ఆయన మొదట పండ్ల ఈగల మీద పనిచేశారు. 1980లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో చేరాక మొక్కల వైపు తిరిగారు. ఎంచుకున్నది అరబిడాప్సిస్ అనే కలుపు మొక్క. మన ఆవాలకు చుట్టమే గాని పంటగా ఎవరూ వేయరు. అయితే సుమారు ఆరు వారాల్లో విత్తనం నుంచి మళ్లీ విత్తనం వస్తుంది. జన్యుశాస్త్రానికి అంతకంటే ఏం కావాలి!

పువ్వులో బయటి నుంచి లోపలికి రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండకోశం అని మన పాఠంలో ఉంది. ఒక్క జన్యువు చెడితే ఈ వరుస తారుమారు. 1991లో ఆయనా, ఇంగ్లండులో స్నాప్‌డ్రాగన్ పూలపై పనిచేసిన ఎన్రికో కోయెనూ కలిసి దీని లెక్క తేల్చారు. ‘ఎ’ రకం జన్యువులు మాత్రమే పనిచేస్తే రక్షకపత్రం, ఎ-బి కలిస్తే ఆకర్షణపత్రం, బి-సి కలిస్తే కేసరం, సి ఒక్కటే అయితే అండకోశం. సి పోయిందా, కేసరాల చోట రేకులొస్తాయి, వాటి లోపల ఇంకో పువ్వు మొదలవుతుంది. మూడూ పోతే అన్నీ ఆకుల్లాగే మిగులుతాయి.

పువ్వు భాగాలన్నీ మారిన ఆకులేనని జర్మన్ కవి గోథే 1790లోనే రాశాడు. అది మొక్కలో చేసి చూపడానికి రెండువందల ఏళ్లు పట్టింది.