మన చేతులతో చేసుకున్న పెళ్ళిళ్ళు

మన సంఘం సమావేశాలకు వచ్చే మిత్రులలో కొడుకు, కూతురు, మనుమరాలు - ఎవరిదో ఒకరి పెళ్ళి ప్రస్తావన తేనివారు అరుదు. వెనుకటి రోజుల్లో "ముహూర్తం ఎప్పుడు?" అని అడిగేవారు. ఇప్పుడు "హాలు దొరికిందా?" అని అడుగుతున్నారు. హాలు దొరికిన తేదీని బట్టి ముహూర్తం చూసుకునే రోజులు వచ్చాయి. భోజనాలు, అలంకరణ, ఫోటోలు, చివరికి ఆకువక్కల తాంబూలం సంచితో సహా అన్నీ ఒకరే చూస్తారు. మనం డబ్బు కడితే చాలు.

ఆ డబ్బు ఎక్కడిది అన్నదే మనలాంటి వారి ప్రశ్న. సర్వీసులో ఉన్నవారికి జి.పి.ఎఫ్. నుంచి తీసే సొమ్ము, రిటైరైన వారికి గ్రాట్యుటీ, కమ్యుటేషన్. కమ్యూట్ చేసిన భాగం పదిహేనేళ్ళకు గాని తిరిగి పెన్షనులో కలవదని మనకు తెలుసు. అంటే రెండు రోజుల వేడుకకు పదిహేనేళ్ళ నెలసరి రాబడిలో కొంత ముందే ఖర్చయిపోతున్నదన్నమాట. అందుకే, పెళ్ళి ఇంటి పనిగా ఉన్న రోజుల్లో అది ఎలా నడిచింది, ఎందుకు చేయి జారింది, అందులో తిరిగి తెచ్చుకోదగినది ఏమిటి అన్న విషయాలను, నాకు తెలిసినంతలో, బాపులపాడు ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

పందిరి మొదలు పంక్తి దాకా

మాది మామిడి తోటల సీమ. నూజివీడు పేరు చెప్పగానే చిన్నరసాలు, పెద్దరసాలు గుర్తుకు వస్తాయి. ఆ నూజివీడు రైల్వే స్టేషను ఉన్నది మాత్రం నూజివీడులో కాదు, మా హనుమాన్ జంక్షన్ దగ్గర. పెళ్ళివారు పాసింజరు బండి దిగితే స్టేషనుకు ఎడ్లబండ్లు కట్టించేవాళ్ళం. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలు, మామిడి కాపు ఒకేసారి రావడం మా ప్రాంతానికి కలిసి వచ్చిన అదృష్టం. తోరణానికి ఆకు, పప్పులోకి కాయ, పంక్తిలో రసం పండు - మూడూ తోటలోనివే. పెళ్ళికి వారం పది రోజుల ముందే కాయ కోసి, కొట్టంలో వరిగడ్డి పరచి మాగవేసేవారు. ఏ వరుస ఏనాటికి పండుతుందో చూసుకోవడం ఇంటి ముసలమ్మ పని. ఆమె లెక్క తప్పేది కాదు.

మా పెద్దక్క పెళ్ళి 1962 వైశాఖంలో మా ఇంటి ముంగిట్లోనే జరిగింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. మంచిరోజు చూసి రాట పాతి, దానికి పాలకొమ్మ కట్టారు. ఇరుగుపొరుగు వారు తాటాకులు, వెదురు గెడలు తెచ్చి రెండు రోజుల్లో పందిరి వేశారు. ముత్తయిదువలు రోటికి తోరం కట్టి పసుపు కొమ్ములు దంచడంతో పెళ్ళి పనులు ఆరంభమయ్యాయి. ఆ తర్వాత ఇల్లంతా పనే. అప్పడాలు, వడియాలు పెట్టడం, నలుగుకు సున్నిపిండి విసరడం, తలంబ్రాలకు బియ్యం ఏరడం, బాసికాలు కట్టడం. మాలాంటి పిల్లలకు అప్పగించింది విస్తళ్ళు కుట్టే పని. బాదం ఆకు, మర్రి ఆకు ఏరుకొచ్చి కొబ్బరి ఈనెలతో కుట్టి, కట్టలు కట్టి బరువు పెట్టేవాళ్ళం. ఎవరు ఎక్కువ కుట్టారా అని పోటీ.

సారెకు అరిసెలు వండడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. తడి బియ్యం దంచేవారు ఇద్దరు, జల్లించేవారు ఒకరు, బెల్లం పాకం చూసేవారు ఒకరు, వత్తేవారు, వేయించేవారు, నూనె పిండేవారు. పాకం ముదిరితే అరిసె రాయి అవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. అందుకని పాకం చూడడానికి వీధిలో చేయి తిరిగిన ఆవిడ ఎవరో ఆవిడనే పిలిచేవారు. పెరట్లో గాడిపొయ్యి తవ్వి గంగాళాలు, గుండిగలు ఎక్కించారు. ఆ పాత్రలన్నీ మావి కావు. ఎవరి పాత్ర మీద వారి పేరు చెక్కి ఉండేది కనుక పెళ్ళయ్యాక ఎవరివి వారికి చేరేవి. మగ పెళ్ళివారి విడిదికి నాలుగిళ్ళ మంచాలు నడిచి వెళ్ళాయి. రాత్రికి పెట్రోమాక్స్ లైట్లు.

ఆ రోజుల్లో డబ్బు ఉన్నా దొరకనివి కొన్ని ఉండేవి. పంచదార వాటిలో ఒకటి. 1970లలో నేను తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరిన కొత్తలో, శుభలేఖ జతచేసి పెళ్ళికి పంచదార ఇప్పించమని వచ్చే అర్జీలు చూసేవాణ్ణి. మంజూరైనంతలోనే లడ్డు, మిగతాదంతా బెల్లంతో. దానివల్ల ఏ పెళ్ళీ ఆగలేదు.

చదివింపుల పుస్తకం

ఇంత పని డబ్బు లేకుండా ఎలా సాగింది? పని బదులు నడిచేది. "అక్కయ్యగారూ, రేపు మీ అమ్మాయి పెళ్ళికి మేము రామా ఏమిటి?" అన్న మాటే పత్రం, అదే సాక్ష్యం. డబ్బు విషయంలో మాత్రం పుస్తకం ఉండేది. పెళ్ళి అయిన తర్వాత పందిట్లో ఒకరు కూర్చొని, ఎవరు ఎంత చదివించారో పైకి చదువుతూ రాసుకొనేవారు. చదివింపులు అన్న పేరు అందుకే వచ్చింది. ఆ పుస్తకాన్ని ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచేవారు. వారింట్లో శుభకార్యం వచ్చినప్పుడు పుస్తకం తీసి చూసి, దానికి కొంత కలిపి చదివించేవారు. గుమాస్తాగా బతికినవాణ్ణి కనుక నాకు అది ఒక లెడ్జరులాగానే కనిపిస్తుంది. వడ్డీ లేదు, నోటు లేదు, గడువు లేదు. ఊరంతా కలిసి, ఎవరింట పెళ్ళి వస్తే వారికి పెట్టుబడి సమకూర్చే ఏర్పాటు అది.

ఆ చేతులు ఎవరివి?

ఇంతవరకు రాసింది చదివి పాత రోజులే బంగారం అనుకుంటే పొరపాటు. ఆ పెళ్ళిని మోసిన చేతులు ఎవరివో కూడా చెప్పుకోవాలి. పెళ్ళికుండలు చేసింది కుమ్మరి, మేనమామ పెళ్ళికూతురిని తెచ్చే గంప అల్లింది మేదరి, పీటలు చెక్కింది వడ్రంగి, మంగళసూత్రం పోసింది కంసాలి. డోలు, సన్నాయి నాయీబ్రాహ్మణులవి. దారిలో నడిచేందుకు చలువ బట్ట పరచింది రజకులు. పందిరి గుంజలు మోసింది, వంటచెరకు కొట్టింది పాలేళ్ళు. వీరికి ముట్టేది ఏడాదికి మేర ధాన్యం, పెళ్ళినాడు ఒక పంచో చీరో. భోజనం మాత్రం పంక్తులన్నీ లేచిన తర్వాత, వేరే చోట. ఇక ఇంటి ఆడవారి సంగతి. నెల రోజుల ముందు నుంచి రోలు, రోకలి, తిరగలి వారివే. పెళ్ళి చూసింది మాత్రం వంటింటి గుమ్మంలోంచి.

కాబట్టి ఇంటి పెళ్ళి అంటే అందరి చేతులూ ఉన్న పెళ్ళే గాని, అందరికీ సమాన గౌరవం ఉన్న పెళ్ళి కాదు. ఈ లోటును గుర్తించి సరిదిద్దబోయిన వారు కూడా మన తెలుగువారిలోనే ఉన్నారు.

సంస్కర్తల పెళ్ళిళ్ళు

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేస్తే పెళ్ళి ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ పెళ్ళికి వచ్చినవారికి బహిష్కారం తప్పలేదు. విద్యార్థులు అండగా నిలబడ్డారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. ఊరి చేతులు రాకపోతే మన చేతులతోనే చేసుకుందాం అన్న తెగువకు అది నాంది.

మన కృష్ణాజిల్లా అంగలూరులో 1887లో పుట్టిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు మరో అడుగు వేశారు. పెళ్ళిలో చదివేది పెళ్ళి చేసుకునేవారికి అర్థం కావాలని 'వివాహవిధి'ని తెలుగులో రచించి, ఆ పద్ధతిన పెళ్ళిళ్ళు జరిపించారు. పురోహితం సైతం మన చేతి పనే కావచ్చునని ఆయన చూపించారు.

1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. ఆ గాలి పెళ్ళి పందిళ్ళకూ తగిలింది. ఖద్దరు బట్టలతో, స్వయంగా వడికిన నూలు దండలతో పెళ్ళిళ్ళు జరిగాయి. 1942లో ఇందిరాగాంధీ పెళ్ళిచీర కూడా తండ్రి నెహ్రూ జైలులో వడికిన నూలుతో నేసినదే.

ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరాగారు కుల భేదం పోవాలని సహపంక్తి భోజనాలు నడిపారు. మాటతో ఆగక, తన కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో వివాహం నిశ్చయించారు. ఆ పెళ్ళిని సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీగారు అంగీకరించారు. 1948 జనవరిలో ఆయన హత్య జరిగినా, అదే ఏడాది మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లోనే జరిగింది. 1960లో గోరాగారి కుమారుడు లవణం మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతను వివాహమాడారు. కమ్యూనిస్టుల దండల పెళ్ళిళ్ళు కూడా మన జిల్లా వారికి కొత్తవి కావు. మా గన్నవరం నియోజకవర్గం నుంచి శాసనసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యగారు 1943లో లీలగారిని ఆడంబరం లేకుండానే వివాహం చేసుకున్నారు.

వీరి నమ్మకాలు వేరు వేరు. దేవుణ్ణి నమ్మినవారున్నారు, నమ్మనివారున్నారు. అయినా వీరి పెళ్ళిళ్ళలో సామాన్యమైన సంగతి ఒకటుంది: ఖర్చు తక్కువ, పంక్తి ఒక్కటే.

చేతులు ఎక్కడికి పోయాయి?

మార్పు ఒక్కరోజులో రాలేదు. ఐదు రోజుల పెళ్ళి మూడు రోజులై, ఒక పూటకు కుదిరింది. తాటాకు పందిరి పోయి షామియానా వచ్చింది. పాత్రలు అద్దెకు దొరకడంతో పేరు చెక్కిన గంగాళాలు అటకెక్కాయి. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు హైదరాబాదు, అమెరికా వెళ్ళారు. పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకున్నాక పందిరి వేయడానికి ముంగిలి మిగల్లేదు. తోటల కాపు పూత మీదే గుత్తకు ఇచ్చేస్తున్నందున, తోట ఉన్నవారు కూడా పెళ్ళికి పండ్లు కొనుక్కోవలసి వస్తున్నది. జాతీయ రహదారి వెంట హాళ్ళు లేచాయి. మేర ధాన్యం పోయి కూలి డబ్బు రావడం మాత్రం మంచి మార్పే. దానికి ఎవరూ విచారించనక్కరలేదు.

అయితే చేతులు పోయినచోట డబ్బు వచ్చి కూర్చుంది. వరకట్నాన్ని నిషేధిస్తూ 1961లో కేంద్ర చట్టం వచ్చినా, కట్నం "పెళ్ళి బాగా చేయాలి" అన్న మాట చాటున బతికే ఉంది. నాతోపాటు పనిచేసిన ఒక మిత్రుడు గ్రాట్యుటీ అంతా కూతురి పెళ్ళికి పెట్టి, ఆ మరుసటి ఏడు కంటి ఆపరేషనుకు అప్పు చేశాడు. పెళ్ళి భోజనాన్ని మెచ్చుకొన్నవారిలో ఆ అప్పు సంగతి తెలిసినవారు తక్కువ.

చట్టం మాత్రం హాలు అడగదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం వధూవరులలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరిగితే చాలు. సప్తపది ఆచారంగా ఉన్నచోట ఏడవ అడుగుతో వివాహం పూర్తి అవుతుంది. పెళ్ళి అంటే ఆటపాటలు, విందులు కాదని సుప్రీంకోర్టు 2024లో ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది. 2020లో కరోనా కాలంలో పెళ్ళికి యాభై మందికి మించరాదని కేంద్రం ఆంక్ష పెట్టినప్పుడు ఎందరో ఇళ్ళలోనే చేసుకున్నారు. ఆ పెళ్ళిళ్ళకు లోటేమీ కనిపించలేదు.

ఇప్పుడు చేసుకోదగినది

అన్నీ మన చేతులతోనే చేయాలని నేను అనను. మూడు నాలుగు వందల మందికి వంట అలవాటున్నవారే చేయాలి. గాడిపొయ్యి దగ్గర కాలిన చేతులు నేను చూశాను. కరెంటు దీపాల పని కూడా తెలిసినవారికే వదలాలి. కాని పసుపు దంచడం, తలంబ్రాలు కలపడం, బాసికాలు, పూలదండలు కట్టడం, తోరణాలు, ముగ్గులు, సారెలో రెండు రకాలైనా ఇంట్లో వండడం - ఇవి నేటికీ సాధ్యమే. మనుమలకు విస్తరి కుట్టడం నేర్పితే ఒక మధ్యాహ్నంలో నేర్చుకుంటారు. దగ్గరివారికి శుభలేఖ మన దస్తూరీతో రాసి పంపవచ్చు. మన సంఘంలో చక్కని చేతిరాత ఉన్న గుమాస్తాలకు కొదవ లేదు.

ముందుగా ఒక నోటుపుస్తకం తీసి మూడు గళ్ళు గీయండి. పని, చేసేవారు, తేదీ. మగవారి పేర్లు కూడా వంట పనుల గడిలో రాయండి. సాయం చేసిన ప్రతివారూ, కూలికి వచ్చినవారితో సహా, మీ పంక్తిలోనే కూర్చొని భోంచేసేలా చూడండి. పిలవవలసినవారి జాబితా రాశాక, ఆ పేర్లలో మీ ఇంటికి వచ్చి ఒక పూట పని చేయగలవారు ఎందరో గుర్తు పెట్టుకోండి. పెళ్ళి రిజిస్ట్రేషన్ మరువకండి. దాన్ని తప్పనిసరి చేస్తూ మన రాష్ట్రం 2002లోనే చట్టం చేసింది.

మన సభ్యులకు మరొక మనవి. మీ ఇళ్ళలో పాత చదివింపుల పుస్తకాలు, పెళ్ళి ఖర్చుల చిట్టాలు ఉంటే పారవేయకండి. మన వీధుల చరిత్ర వాటిలో ఉంది. వాటిని పిల్లలకు చదివి వినిపించండి. పెన్షనుతో బతికేవారం మనం డబ్బు ఎక్కువ ఇవ్వలేకపోవచ్చు గాని, మన దగ్గర తీరిక ఉంది, పని తెలిసిన చేతులు ఉన్నాయి. ఈసారి మన సభ్యులలో ఎవరింట్లో పెళ్ళి తలపెట్టినా, ముందు రోజు పసుపు దంచడానికి, తోరణాలు కట్టడానికి కబురు చేయండి. మేము వస్తాము.