రంది అడిగే మనిషి



మన నిజామాబాదు వైపు మనసులోని దిగులును ‘రంది’ అంటాం. “ఏం రంది పెట్టుకున్నవు బిడ్డా?” అని వెనకటి పెద్దలు అడిగేవారు. అలా అడిగే మనిషి కరువైతే పిల్లల గతేమిటి? ఈ పూట ఆ ముచ్చటే చెప్పుకుందాం.

1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీటితో చెరుకు పెరిగింది. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది, శక్కర్‌నగర్ వెలసింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల చాట ముందు – ఇలాంటి ఇళ్లు మన జిల్లాలో ఎన్నో. అలాంటి ఇంట్లో ఇంటర్ తప్పిన పిల్లవాడు మూలకు కూర్చుంటే బద్ధకం అంటాం. ఆడపిల్ల అన్నం మానేస్తే మొండితనం అంటాం.

ఒకప్పుడు మనసుకు వైద్యమంటే హైదరాబాదు ఎర్రగడ్డే గుర్తొచ్చేది. ఆ పేరే ఎగతాళి మాట అయిపోయింది. ఇక ఈడొచ్చిన పిల్లను తీసుకుని ఏ తల్లి అక్కడికి బస్సెక్కుతుంది? 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. తర్వాత బెంగుళూరు నిమ్హాన్స్ వారు బళ్లారిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికే శిక్షణ ఇచ్చి, జిల్లాలోనే వైద్యం అందించవచ్చని చూపించారు. 1996లో జిల్లా కార్యక్రమం మొదలైనప్పుడు తొలి 4 జిల్లాలలో మన పొరుగు మెదక్ ఒకటి.

అయితే రంది అంతా జబ్బు కాదు కదా! దానికి చిన్న ఉపాయం 2018లో ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో పరీక్షించారు. గోవాకు చెందిన ‘సంగాత్’ సంస్థ ఆ పని చేసింది. 9 నుంచి 12 తరగతుల పిల్లలు 251 మంది. అందరికీ బొమ్మల కథల పుస్తకాలిచ్చారు. సగం మందిని మాత్రం, డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు మనుషులు మూడు వారాల్లో నాలుగైదు సార్లు కలిశారు. ప్రతిసారీ అరగంట లోపే. నిన్నేది బాధిస్తోంది? ఏమేం చేయవచ్చు? ఒకటి చేసి చూసి రా – ఇంతే పద్ధతి. ఆరు వారాలకు, మనిషిని కలిసిన పిల్లలకు తాము చెప్పుకున్న సమస్యల భారం మరింత తగ్గింది. జబ్బు లక్షణాల్లో మాత్రం అప్పటికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి బోధన్‌లో పెడితే సరిపోతుందా? ఇక్కడ తెలుగు, ఉర్దూ, మరాఠీ ఇళ్లు పక్కపక్కనే ఉన్నాయి. “డిప్రెషన్ ఉందా?” అంటే బిడ్డ బెదురుతుంది. “ఏం రంది?” అంటే నోరు విప్పుతుంది. బడి మానేసి పనికి పోయే పిల్లలకు, పని దిగిన వేళకు వాడకట్టులోనే ఆ మనిషి దొరకాలి.

ఈ నాలుగు మాటలతో తండ్రి అప్పు తీరదు, ఫ్యాక్టరీ తెరుచుకోదు. కానీ కొండంత రందిలో ఈ వారం చేయదగిన పని ఒకటి దొరుకుతుంది. బిడ్డ చావు మాట ఎత్తితే మాత్రం ఆలస్యం వద్దు. ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

అమ్మా, ఈ రాత్రి అన్నం వడ్డిస్తూ మార్కుల సంగతి పక్కన పెట్టి రంది అడగండి. అడిగాక సలహాకు తొందరపడకండి. చెప్పనివ్వండి.